నాన్న రేజరు, నా మెడ మంట

పదిహేనేళ్లుగా గెడ్డం గీసుకున్న ప్రతిసారీ నా మెడ మీద ఎర్రటి పొక్కులు లేచేవి. ఉక్కపోత రోజుల్లో కాలరు తగిలితే చాలు, చెమటకు భగ్గుమనేది. పెళ్లికి వెళ్లాలంటే రెండు రోజుల ముందే గీసుకునేవాణ్ణి. ఐదు బ్లేడ్ల రేజరు, డబ్బాలోంచి బుస్సున వచ్చే నురగ, పైన స్పిరిటు లోషను. మంట తగ్గకపోతే ఇంకా ఖరీదైనవి కొనేవాణ్ణి.

కిందటేడు సిరిమాను పండగకి ముందు, విజయనగరం గంటస్తంభం దగ్గర సెలూన్లో కూర్చున్నాను. అక్కడి పెద్దాయన మెడ మీద వేలుతో రాసి చూసి, "ఏటి బాబూ, ఎదురు గీస్తన్నావా? నీది రింగులు తిరిగే ఎంట్రుక. లోపలికంటా కోసేస్తే మళ్లీ సర్మంలోకే మొలుస్తాది" అన్నారు. తర్వాత చర్మం డాక్టరుగారూ అదే చెప్పారు. వరస బ్లేడ్లలో ముందుది వెంట్రుకను పైకి లాగితే, వెనకది చర్మం మట్టం కన్నా కిందికి తెగ్గోస్తుందట.

అటక మీది పెట్టెలో నాన్న రేజరు దొరికింది. పిడి తిప్పితే తల విడివడి, రెండు వైపులా పదునున్న ఒక్క బ్లేడు పట్టే రకం. 1904లో అమెరికాలో జిల్లెట్ పేటెంటు పొందినది ఈ తరహా రేజరుకే. బ్లేడ్లు మా వీధి కిరాణా కొట్లోనే ఉన్నాయి.

వేడినీళ్ల స్నానం తర్వాత గీసుకుంటే వెంట్రుక మెత్తబడి ఉంటుందని డాక్టరుగారన్నారు. మా ఇంట్లో అది కుదరదు. గెడ్డం గీసుకున్నాకే స్నానం, అమ్మ ఒప్పుకోదు. అందుకని తువ్వాలు వేడినీళ్లలో పిండి మూడు నిమిషాలు ముఖానికి కప్పుకుంటున్నాను. సబ్బుని బ్రష్షుతో స్టీలు గిన్నెలో, చుక్కచుక్క నీళ్లు కలుపుతూ, గట్టి పెరుగులా అయ్యేదాకా గిలకొట్టాలి. తొందరపడితే బుడగలే మిగులుతాయి.

మొదటి వారం దవడ కింద రెండుసార్లు తెగింది. అలవాటు కొద్దీ నొక్కేవాణ్ణి. ఇక్కడ నొక్కకూడదు, రేజరు బరువే పని చెయ్యాలి. తలని బుగ్గకి ఆనించి, పిడిని అడ్డంగా పట్టి మెల్లగా దించుతుంటే ఒకచోట బ్లేడు తగులుతుంది. అదే వాలు, దాదాపు 30 డిగ్రీలు. ఇంకో సంగతి, రెండు రోజులు గెడ్డం పెంచి వేళ్లతో తడిమితే తెలిసింది: నా ఎడమ దవడ కింద వెంట్రుక కిందికి కాదు, చెవి వైపు పెరుగుతోంది! ఇన్నేళ్లూ అక్కడ ఎదురే గీశాను. ఇప్పుడు వెంట్రుక పెరిగే వైపుకి ఒకసారి, మళ్లీ నురగ రాసి అడ్డంగా ఒకసారి. మెడ మీద ఎదురు గీత లేనే లేదు.

ఆఖర్న తడి పటిక. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ నొక్కినట్టు. నాలుగైదు సార్లకి బ్లేడు మారుస్తాను. పాతవి మూతకి గాటు పెట్టిన పౌడరు డబ్బాలో వేస్తాను, చెత్త ఎత్తేవాళ్ల చేతులు తెగకూడదు.

మూడో నెలకి పొక్కులు పోయాయి. మొన్న శ్రీకాకుళంలో మేనల్లుడి పెళ్లికి, బయల్దేరిన పొద్దున్నే గీసుకుని, కాలరు గుండీ పెట్టుకున్నాను.