ఫ్యాన్ తిరిగినప్పుడల్లా బండి వణికేది

మే నెల, మిట్టమధ్యాహ్నం, కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతుండగా ట్రాఫిక్ ఆగిపోయింది. ఏసీ ఆన్‌లో ఉంది, వెనక సీట్లో అత్తమ్మ, ఆమెను జనగామలో దింపి పొద్దుగూకేలోపు హన్మకొండ తిరిగి రావాలి. రెండు నిమిషాలు నిలబడ్డామో లేదో రేడియేటర్ ఫ్యాన్ గుర్రుమంటూ స్టార్ట్ అయింది, అంతే, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్పీఎం ముల్లు 800 నుంచి 500కి పడింది, స్టీరింగ్ గజగజ వణికింది, ముల్లు మళ్లీ 1,100కి ఎగిరింది, మళ్లీ పడింది. మూడోసారి పడ్డప్పుడు బండి బంద్. వెనక లారీవాడి హారన్. "బండి ముసలిదైంది అల్లుడా, అమ్మేయరాదు" అంది అత్తమ్మ. 2012 పెట్రోల్ బండి, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది, ముసలిదే, కానీ అమ్మితే ఎంతొస్తుందో నాకు తెలుసు కాబట్టి ఏం మాట్లాడలేదు.

చిత్రమేంటంటే స్టేషన్ ఘన్‌పూర్ దాటి జనగామ దాకా అదే ఏసీతో వెళ్లాం, ఒక్కసారి కూడా ఏం కాలేదు. కారణం తర్వాత తెలిసింది. 80లో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను సగం చల్లబరుస్తుంది, ఒకవేళ ఫ్యాన్ తిరిగినా ఇంజిన్ రెండు వేల పైన తిరుగుతుంటుంది కాబట్టి బండికి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్‌కు అది లెక్కే కాదు. బండి నిలబడి ఇంజిన్ మాత్రం నెమ్మదిగా తిరిగేటప్పుడే, అంటే ఐడిలింగ్‌లోనే, దాని ఊపిరి సరిపోదు.

మొదటి మెకానిక్ బానెట్ కూడా సరిగ్గా ఎత్తకుండా "ఏసీ కంప్రెసర్ టైట్ అయింది అన్నా, మార్చాలె" అన్నాడు. వాడు చెప్పిన రేటు విని ఇంటికొచ్చేశాను. ఇంటి ముందు బండి పెట్టి, ఏసీ పూర్తిగా బంద్ చేసి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి కూర్చున్నాను. పన్నెండు నిమిషాలకు ఫ్యాన్ దానంతటదే స్టార్ట్ అయింది, ముల్లు మళ్లీ అలాగే పడింది. అంటే కంప్రెసర్ కాదు. నా బండికి ఒకటే ఫ్యాన్, ఏసీ వేస్తే కంప్రెసరూ అదీ కలిసే తిరుగుతాయి, అందుకే ఒకదాని తప్పు ఇంకోదాని మీద పడుతుంది. ఈ పన్నెండు నిమిషాల పరీక్షకు పైసా ఖర్చు లేదు, పదిహేను వేలు మిగిలాయి.

రెండో మెకానిక్ నాలుగు ప్లగ్గులు మార్చి, ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ విప్పి కడిగాడు, మొత్తం 1,700. నిజానికి లోపల కార్బన్ మందంగానే ఉంది, కడగడం తప్పు కాదు. కానీ కడిగాక ఐడిలింగ్ 1,300 మీద నిలబడిపోయింది, నాకు టెన్షన్. ఆ కార్బన్‌కు తగ్గట్టు గాలి దారి ఎంత తెరవాలో బండి కంప్యూటర్ ఎప్పుడో నేర్చుకుని ఉందట, ఇప్పుడు దారి శుభ్రమైంది కాబట్టి గాలి ఎక్కువ పోతోంది, మళ్లీ నేర్చుకోవాలి. "రెండు రోజులు తిప్పు, సెట్ అయితది" అన్నాడు, అన్నట్టే అయింది. ఫ్యాన్ కథ మాత్రం ఎక్కడిదక్కడే.

అప్పుడు నాకో అనుమానం వచ్చింది. ఫ్యాన్ తిరగనప్పుడు హెడ్‌లైట్లు హై బీమ్‌లో పెట్టి, బ్లోయర్ ఫుల్ చేసి చూశాను. ముల్లు కొంచెం పడింది, ఫ్యాన్‌కు పడ్డంత కాదు గానీ పడింది. అంటే గొడవ ఫ్యాన్‌తో కాదు, కరెంటు ఎక్కువ లాగే ఏ వస్తువుతోనైనా. నాలుగు వందలు పెట్టి వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ కొన్నాను. బ్యాటరీ మీద మామూలుగా 14.1 వోల్టులు, ఫ్యాన్ అందుకోగానే 12.3, తర్వాత 13 దగ్గర ఊగుతోంది. ఇక ఇది మెకానిక్ పని కాదని ములుగు రోడ్డు పక్కన ఉండే ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాను, పెద్దాయన, అందరూ కాకా అంటారు.

కాక మీటర్ తీయకముందే అడిగిన మాట: "పొద్దుగాల సెల్ఫ్ ఎట్ల కొడుతది బిడ్డా?" కొంచెం గుంజుతుంది కాకా, బ్యాటరీ పాతబడిందేమో అనుకున్నా అన్నాను. నవ్వాడు. ఫ్యాన్, లైట్లు అన్నీ ఆన్ చేయించి, మీటర్ ఒక తీగ కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ ఇనుము మీద పెట్టాడు. 0.2 వోల్టుల లోపే ఉండాలట. 0.6 చూపించింది. ఇంజిన్ నుంచి బ్యాటరీకి పోయే ఎర్త్ పట్టీ విప్పితే బోల్ట్ కింద పచ్చటి చిలుము, సగం తీగలు తెగిపోయి ఉన్నాయి. ఆల్టర్నేటర్ తయారుచేసే కరెంటంతా తిరిగి వచ్చేది ఆ దారినే. దారి ఇరుకైతే ఫ్యాన్ లాంటిది ఒక్కసారి గుంజగానే వోల్టేజీ కూలుతుంది, ఆల్టర్నేటర్ ఇంకా గట్టిగా తిప్పించుకోవాలని చూస్తుంది, ఆ బరువు ఇంజిన్ మీద పడుతుంది, కంప్యూటర్ గాలి పెంచి తగ్గించి సర్దుకునేలోపు ముల్లు ఊయల ఊగుతుంది.

కొత్త పట్టీ, బోల్ట్ చోటు ఉప్పు కాగితంతో రుద్దడం, కూలీతో కలిపి 350. సెల్ఫ్ ఆ క్షణం నుంచే టక్కున కొట్టింది. నేను పండగ చేసుకుంటుంటే కాక మాత్రం ఫ్యాన్ మళ్లీ అందుకునే దాకా ఆగమన్నాడు. ముల్లు ఇంకా వందా నూటయాభై పడుతోంది. ఇంజిన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసేసి (కొన్ని బండ్లలో తాళం తీసినా ఇంజిన్ వేడి మీద ఫ్యాన్ తిరుగుతుంది, వేళ్లు పోతాయి, తప్పకుండా తీయాలి), రెక్కను చేత్తో తిప్పి చూపించాడు. రెండు మూడు చుట్లు జారాల్సింది, అక్కడికక్కడే ఆగిపోయింది. బ్యాటరీ మళ్లీ కలిపి, వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెడితే 21 ఆంపియర్లు లాగుతోంది. కొత్త మోటార్ వేశాక అదే మీటర్‌లో 12. లోపల ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగి, మోటార్ బిగుసుకుని, తిరగడానికే సగం కరెంటు తినేస్తోందన్నమాట. మోటార్ 1,900 అన్నాడు, పాతది ఇస్తే 1,700కి ఇచ్చాడు.

పోయిన ఆదివారం అత్తమ్మను మళ్లీ తీసుకొస్తుంటే అదే బ్రిడ్జి మీద పావుగంట ఇరుక్కున్నాం, ఏసీ ఫుల్. ఫ్యాన్ స్టార్ట్ అయింది, ముల్లు ఒక గీత కిందికి దిగి తిరిగి తన చోటికి వచ్చింది. అత్తమ్మ నిద్రపోతోంది.