కె4 దగ్గర ఒకటి వేసేసింది

వజ్రపుకొత్తూరు వైపు, సముద్రానికి దగ్గర్లో ఒక స్కూలు భవనం డిజైన్ చేస్తున్నాం. మా శ్రీకాకుళం ఆఫీసులో కొన్నాళ్లుగా ఏఐ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం, నిజంగానే పని తగ్గింది. డ్రాయింగ్‌లో తలుపులూ కిటికీలూ లెక్కపెట్టి పట్టిక చేసేస్తుంది, సాయిల్ రిపోర్ట్‌లో కావాల్సినవి ఏరిపెడుతుంది, రెండు రోజులు కూర్చుని రాసే డిజైన్ బేసిస్ రిపోర్ట్‌ని గంటలో ఇచ్చేస్తుంది.

ఆ రిపోర్టులోనే నాకు గుండె ఝల్లుమంది. గాలి లెక్క ఐఎస్ 875 మూడో భాగం (భవనాలపై గాలి భారానికి మన దేశపు కోడ్) ప్రకారమే చేసింది, బేసిక్ విండ్ స్పీడ్ సెకనుకు 50 మీటర్లు అని సరిగ్గానే వేసింది, కానీ కె4 దగ్గర, అంటే తుఫాను ప్రాంతాల్లో భవనం ఎంత ముఖ్యమో దాన్ని బట్టి ఆ వేగాన్ని గుణించే అంకె దగ్గర, 1 పెట్టి వెళ్లిపోయింది. 2015 కోడ్‌లో తూర్పు తీరం వెంట సుమారు 60 కిలోమీటర్ల మేర తుఫాను ప్రాంతం కిందికి వస్తుంది. అక్కడ మామూలు ఇళ్లకైతే 1, పరిశ్రమలకు 1.15. తుఫాను వెళ్లాక జనానికి అక్కరకొచ్చే ఆసుపత్రులు, షెల్టర్లు, స్కూళ్లకు 1.30. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 1.30ని 1.30తో గుణిస్తే 1.69, అంటే 69 శాతం అదనపు ఒత్తిడి లెక్కలోకే రాలేదు! రెండంతస్తుల ఆర్‌సీసీ ఫ్రేముకి దీనివల్ల పెద్ద తేడా రాకపోవచ్చు, మధ్యాహ్న భోజనం షెడ్డు రేకులకీ, వాటిని మోసే పర్లిన్లకీ (అడ్డ కడ్డీలు) మాత్రం ప్రాణం అక్కడే ఉంది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను తీరం దాటాక ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా పడి ఉన్నాయో చూసినవాళ్లం, ఆ ఒక్క అంకెని ఎలా వదిలేస్తాం?

అడిగితే వెంటనే తప్పు ఒప్పుకుని 1.30 వేసి మళ్లీ ఇచ్చింది. నా బాధ అదే, అడిగాను కాబట్టి ఇచ్చింది. నిన్నగాక మొన్న బీటెక్ అయి వచ్చిన పిల్లలకి అక్కడ అడగాలని ఎలా తెలుస్తుంది? అందుకే ఇప్పుడు మా దగ్గర గాలి, భూకంపం పేజీలు జూనియర్లు కోడ్ పుస్తకం తెరిచి, క్లాజు నంబరుతో సహా ముందు చేత్తో రాస్తారు, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ రిపోర్టు తీసి పక్కన పెట్టి చూస్తారు. గంట ఎక్కువ పడుతోంది, పట్టనీ.

షెడ్డుకి పర్లిన్లు దగ్గర చేసి, రేకులు బిగించే జే బోల్టులు పెంచితే మేస్త్రీ, "ఏటి బాబూ, ఇన్నా?" అన్నాడు. తిత్లీ అన్నాను. ఇంకేం అడగకుండా బోల్టులు లెక్కపెట్టుకున్నాడు.

తీరం మండలాల్లో స్కూలో పీహెచ్‌సీయో చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, మీ రిపోర్టులో కె4 ఎంత పడిందో ఈ రోజే ఒకసారి తీసి చూడండి.