టేపు తీయని పెట్టెలు

ఇల్లు మారి రెండేళ్లయింది. మూడు అట్టపెట్టెలు మాత్రం వేసిన టేపు వేసినట్టే ఉండిపోయాయి. పోయిన వారం మా అమ్మాయి, "అమ్మా, వీటిలో ఏమున్నాయి?" అని అడిగింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఈ రెండేళ్లూ ప్రతి రాత్రీ "ప్రభువా, మా అవసరాలు తీర్చు" అని ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

ఆ ప్రార్థన తప్పని అనను. అనుదినాహారం అడగమని యేసే నేర్పాడు. కానీ ఆ ప్రార్థనలో "నేడు" అనే మాట దగ్గర నేనెప్పుడూ ఆగలేదు.

ఒక పెట్టె విప్పితే నాలుగు దుప్పట్లు, మడత కూడా విప్పనివి. అడుగున ఉన్నదానికి చెమ్మ తగిలి బూజు పట్టింది. దాన్ని చేతిలో పట్టుకోగానే మన్నా గుర్తొచ్చింది, అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఇచ్చిన ఆహారం. రోజుకు మనిషికి ఒక ఓమెరు, అంటే సుమారు రెండు లీటర్లు కూర్చుకోమన్నాడు దేవుడు. కొందరు మర్నాటికి దాచుకున్నారు. అది పురుగుపట్టి కంపు కొట్టింది. సండే స్కూల్లో దీన్ని అవిధేయత కథగానే విన్నాను.

అదే నిర్గమకాండం 16లో, ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవాడికి తక్కువ కాలేదు అని ఉంది. అపొస్తలుడైన పౌలు ఈ మాటను మళ్లీ ఎత్తుకున్నది కొరింథు పట్టణ విశ్వాసులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో, యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం చందా అడుగుతూ. ఇది నేను చాలా ఆలస్యంగా గమనించాను. అరణ్యంలో కొలత సరిచేసింది దేవుడే. కొరింథులో ఆ పని విశ్వాసుల చేతుల్లో పెట్టాడు పౌలు. మీ సమృద్ధి వాళ్ల కొరతకు అందాలి అన్నాడు. మరి నా పెట్టెలో రెండేళ్లుగా ఉన్నది ఎవరి ఓమెరు? ఆ ప్రశ్న వచ్చాక ఆ దుప్పట్లు నావి అనుకోలేకపోయాను.

అదే అధ్యాయంలో పౌలు చెప్పిన మాసిదోనియ ప్రాంతపు సంఘాలవాళ్లు నిరుపేదలు. అయినా ఈ పనిలో మాకూ భాగం ఇవ్వండని పౌలును వేడుకున్నారు. పుచ్చుకోవడానికి కాదు, ఇవ్వడానికి!

నేనేమో బాగున్న మూడిట్లో అన్నిటికన్నా మెత్తనిదాన్ని "ఎవరైనా వస్తే" అని పక్కన పెట్టాను. పడుకున్నాక మనసు ఒప్పుకోలేదు. లేచి దాన్నీ సంచిలో పెట్టాను. చిన్న పనే, కానీ చేతులు వెంటనే కదల్లేదు.

ఏ స్థితిలోనైనా సంతృప్తిగా ఉండడం గురించి పౌలు ఫిలిప్పీయులకు రాసింది బంధకాల్లో, అంటే ఖైదీగా ఉండి. అందులో "నేర్చుకొనియున్నాను" అన్నాడు. పౌలంతటివాడికి కూడా అది నేర్చుకుంటేనే వచ్చిందన్న సంగతి నాకు ఎంతో ధైర్యమిచ్చింది.

ఆదివారం సంచి సంఘంలో ఇచ్చేశాను. ఇంకా రెండు పెట్టెలున్నాయి. ఒకదాని మీద నా చేతిరాతతోనే "జాగ్రత్త" అని రాసి ఉంది.