రైల్లో బొంత, సంచిలో బొమ్మలు

ప్రయాణంలో బొమ్మలు కొనేవాళ్లకు బొంత కుట్టడం చక్కగా కలిసొస్తుంది. కుట్టడానికి తెచ్చుకున్న బట్టే బొమ్మలకు చుట్టడానికి పనికొస్తుంది.

కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేస్తారు, చాలా తేలిక. చేతులు, కాళ్లు విడిగా చెక్కి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు కాబట్టి విరిగితే ముందు విరిగేది ఆ అతుకే. కొనేటప్పుడు భుజం దగ్గర సన్నటి పగులుందేమో వెలుతురులో చూడండి. న్యూస్‌పేపర్ చుట్టొద్దు, సిరా అంటుతుంది. ఉతికిన పాత నూలు చీర ముక్కే మేలు. ఏటికొప్పాక లక్క బొమ్మలకు పగుళ్ల బెడద తక్కువ, వేడే శత్రువు. ఎండలో ఆపిన కారులో వదిలేయకండి.

రైల్లో కుట్టడానికి ఆరు భుజాల బట్ట ముక్కలు హాయి. అదే ఆకారంలో, అంగుళం భుజంతో అట్టముక్కలు ఇంట్లోనే కోసుకోండి. బట్టకు చుట్టూ పావంగుళం వదిలి, అట్టమీదకు మడిచి, మూలల్లో మడతలకు మాత్రమే టాకాలు వేయండి. అట్టలోకి సూది దిగితే తర్వాత ఆ అట్ట సులువుగా ఊడిరాదు. రెండు ముక్కలు ఎదురెదురుగా పెట్టి, అంచున రెండు మూడు పోగులే అందుకుంటూ దగ్గరదగ్గరగా కుట్టాలి. దారం మూరెడు చాలు, పొడవైతే బండి కుదుపులకు చిక్కుపడుతుంది. ఆరు వైపులా అతికాకే అట్ట తీయాలి, ముందే తీస్తే అంచులు సాగి ముక్కలు కుదరవు.

కొత్త గుడ్డ ఉతక్కుండా కుట్టొద్దు, కుంచించుకుపోతుంది. ముఖ్యంగా ఎరుపు రంగు పక్క ముక్కలకు దిగుతుంది. విమానమైతే కత్తెర చెకిన్ సామానులో వేసి, దారాలు ముందే కత్తిరించి పెట్టుకోండి.