అనంతపురంలో మా అమ్మాయి విలువిద్య ఎంపిక: నా అనుభవం

ఏడవ తరగతి చదువుతున్న మా అమ్మాయి, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 3 బంగారు పతకాలు గెలిచిన మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖను చూసి, తానూ విలువిద్య నేర్చుకుంటానని పట్టుబట్టింది. కోచ్ గారు మొదటిరోజు విల్లు చేతికివ్వలేదు. రెండు అరచేతులూ ముందుకు చాచి, వాటి మధ్య సందులోంచి దూరపు కరెంటు స్తంభాన్ని ఒక్కొక్క కన్నూ మూసి చూడమన్నారు. కుడిచేత్తో రాసే పిల్లకు ఎడమ కన్ను బలమని తేలింది కాబట్టి, కుడిచేత్తో విల్లు పట్టి ఎడమచేత్తో నారి లాగడం నేర్పారు. తర్వాత కొన్ని వారాలు రబ్బరు పట్టీ లాగడం, ఆపైన నాలుగడుగుల దూరంలో వలయాలు లేని బోర్డు మీదికి బాణాలు వేయడం జరిగింది. నారి తగిలి, రాసే చేయి ముంజేతి లోపలివైపు నల్లగా కమిలిపోయింది. ఆర్మ్ గార్డు (ముంజేతికి కట్టే రక్షణ పట్టీ) కట్టుకోవడం ఒక్కటే చాలదనీ, మోచేతిని కాస్త బయటికి తిప్పి పట్టాలనీ ఆ మచ్చే నేర్పింది.

పాఠశాల క్రీడల్లో అండర్-14, 17, 19 అని వయసు వర్గాలూ, ఇండియన్ రౌండ్, రికర్వ్ (కొనలు ముందుకు వంగిన విల్లు), కాంపౌండ్ (కొనలకు కప్పీలున్న విల్లు) అని మూడు విభాగాలూ ఉంటాయి. సురేఖది కాంపౌండ్. ఆ విల్లు ధర విని నేను వెనక్కి తగ్గాను. ఇండియన్ రౌండులో వెదురు విల్లు చాలు, గురి చూసే పరికరం (సైటు) కూడా ఉండదు, అందుచేత దానితోనే మొదలుపెట్టాము.

నన్ను ఎక్కువగా తిప్పినవి కాగితాలు. వయసును డిసెంబరు 31 నాటికి లెక్కిస్తారు. పాఠశాల రిజిస్టరులో పుట్టిన సంవత్సరం ఒకటి వెనక్కి పడడం వల్ల మా అమ్మాయి అండర్-14లోకి రాకుండా పోయేది. జనన ధ్రువపత్రం, ఆధార్ పట్టుకుని నాలుగుసార్లు తిరిగాక సరిచేశారు. ప్రధానోపాధ్యాయుల సంతకం చివరిరోజు మధ్యాహ్నం అందింది. బడి తెరిచిన జూన్‌లోనే రిజిస్టరులో పుట్టిన తేదీ చూసుకోమని తల్లిదండ్రులకు గట్టిగా చెబుతున్నాను.

జిల్లా జట్టు ఎంపిక పోటీ రోజున మన జిల్లాలో శ్రావణమాసం పడమటి గాలి ఎలా ఉంటుందో తెలిసినవారికి చెప్పనక్కరలేదు. రెండు విజిళ్లకు బాణాలు వేసే గీత దగ్గరికి రావాలి, ఒక విజిల్‌కు వేయాలి, మూడు విజిళ్లు వినిపించాకే బాణాలు తీసుకోవడానికి కదలాలి. లెక్క రాసేదాకా బాణాన్ని గానీ టార్గెట్‌ను గానీ ముట్టుకోకూడదు. ఒక బాణానికి మా అమ్మాయి ఏడు అని చెప్పగా, పక్కనున్న పోటీదారు వంగి చూసి, "అక్కా, గీతకు తగిలింది, ఎనిమిది" అన్నది. రెండు వలయాల మధ్య గీతను తాకితే ఎక్కువ అంకెనే ఇస్తారు. తన ఎదుటి పిల్లకు అన్యాయం కాకూడదని ఆ చిన్నది పట్టించుకోవడం, మైదానం బయట కంచె పట్టుకుని నిలబడిన నాకు ఈనాటికీ కళ్లముందున్నది. చివరికి మొత్తం కూడిక సరిచూసుకుని సంతకం పెట్టాలి, పెట్టాక ఆ లెక్కకు ఒప్పుకున్నట్టే.

జిల్లా జట్టు జాబితాలో మా అమ్మాయి పేరు అన్నిటికన్నా కింద ఉన్నది. రాష్ట్రస్థాయికి అవే కాగితాలు మళ్లీ అడిగారు. ఈసారి మూడేసి నకళ్లు ముందే తీసి పెట్టుకున్నాను.