నురగే కదా అని ఐదు వారాలు ఊరుకున్నాను

మూత్రంలో నురగ వస్తుంటే మొదట్లో అది క్లీనర్ వల్ల అనుకున్నా. బాత్రూమ్ కడిగిన రోజు కమోడ్‌లో మందు మిగిలిపోతే నురగ రావడం మామూలే కదా. తర్వాత నీళ్లు తక్కువ తాగుతున్నానేమో అనుకుని సీసాలకి సీసాలు ఖాళీ చేశాను. అదీ కాకపోతే, మీటింగుల్లో గంటలకొద్దీ ఆపుకుని ఒక్కసారిగా వెళ్తున్నాను కాబట్టి ధార జోరుకి వస్తోందనుకున్నా. ఇవన్నీ నిజమైన కారణాలే, వీటివల్ల నురగ వస్తుంది, మళ్లీ పోతుంది. నాది పోలేదు.

ఎలా ఉండేదంటే, పెద్ద పెద్ద బుడగలు కాదు, అవి చూస్తుండగానే చిట్లిపోతాయి. నాది సన్నటి తెల్లటి నురగ, గుడ్డు తెల్లసొన గిలక్కొట్టినట్టు పొరలు పొరలుగా. పళ్లు తోముకుని వచ్చి చూసినా అలాగే ఉండేది. ఫ్లష్ చేస్తే నీళ్లు పోయేవి గానీ అంచు చుట్టూ తెల్లటి గీత మిగిలేది. మంట లేదు, నొప్పి లేదు, రంగులో తేడా లేదు. నొప్పి ఉంటే రెండో రోజే పరిగెత్తేవాణ్ణి, అదే లేకపోయేసరికి ఐదు వారాలు గడిచిపోయాయి.

నాకంటే ముందు మా ఆవిడ పట్టుకుంది. "రాత్రి సరిగ్గా పడుకోలేదా, కళ్ల కింద అలా ఉబ్బాయేంటండీ?" అంది. పడుకున్నాను, బాగానే పడుకున్నాను. పొద్దున మొహం ఉబ్బి సాయంత్రానికి తగ్గేది, అదే సాయంత్రం సాక్సు విప్పితే కాలి చుట్టూ లోతుగా అచ్చు పడి ఉండేది. ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోయింది. పది రోజుల్లో నాలుగు కిలోలు పెరిగాను, ఒళ్లు చేయడం కాదు, ఒంటికి నీరు పట్టింది.

మొదట చూపించుకున్న చోట రక్తపరీక్ష చేసి, క్రియాటినిన్ 0.9, కిడ్నీలు బ్రహ్మాండంగా ఉన్నాయి అని పంపించేశారు. నాకు కోపం తెప్పించేది ఇప్పటికీ ఇదే. నురగ అని చెప్పుకున్న మనిషికి మూత్రపరీక్ష రాయలేదు. నేనూ అడగలేదు, నార్మల్ అన్న మాట వినగానే టెన్షన్ తీరిపోయి ఇంటికొచ్చేశా. క్రియాటినిన్ చెప్పేది కిడ్నీలు వ్యర్థాలను ఎంతవరకు వడపోస్తున్నాయన్నది. జల్లెడ పాడై, రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్ మూత్రంలోకి కారిపోతున్నా ఆ అంకె కొన్నాళ్లు మామూలుగానే ఉండొచ్చు. రెండు వేరు వేరు సంగతులు, ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది.

రెండో డాక్టరుగారు నా మాట పూర్తికాకముందే ఒక డబ్బా చేతికిచ్చారు. అందులో ముంచిన స్ట్రిప్ మీద పసుపు గడి ముదురు ఆకుపచ్చకి తిరిగింది, మూడు ప్లస్సులు, అంటే ప్రొటీన్ బాగా పోతోందని. జ్వరం వచ్చినప్పుడు, బాగా వ్యాయామం చేశాక కూడా కొంత ప్రొటీన్ పోతుందట, అందుకని మర్నాడు పొద్దుటి మూత్రంతో మళ్లీ చూశారు. తగ్గలేదు. అప్పుడు 24 గంటల మూత్రం పట్టమన్నారు. పొద్దున మొదటిసారిది పారబోసి, అక్కడి నుంచి మర్నాడు పొద్దున మొదటిసారిది కలుపుకుని ప్రతి చుక్కా క్యానులో పోయాలి. నేను మధ్యాహ్నం ఒకసారి అలవాటు కొద్దీ కమోడ్‌లోకే పోసేసి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టాను. రోజుకి 150 మిల్లీగ్రాములు దాటకూడని ప్రొటీన్ నాకు 9 గ్రాములు పోతోంది. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పడిపోయింది, కొలెస్ట్రాల్ ఆకాశానికెక్కింది. ఈ మొత్తానికి నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని పేరు. అది జబ్బు పేరు కాదు, లక్షణాల మూట, వెనక ఏముందో చూడాలంటే బయాప్సీ, అంటే కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష, చేయాలన్నారు.

బోర్లా పడుకోబెట్టి, నడుం పక్కన మత్తు సూది వేసి, స్కాన్‌లో చూస్తూ చేశారు. నొప్పికన్నా ఆ సూది స్ప్రింగు 'టక్' మన్న చప్పుడుకే ఎక్కువ ఉలిక్కిపడ్డాను. తర్వాత ఆరు గంటలు వెల్లకిలా కదలకుండా పడుకోవడం మాత్రం నరకం. తేలింది మినిమల్ చేంజ్ డిసీజ్. మామూలు మైక్రోస్కోపులో కిడ్నీ దాదాపు బాగానే కనిపిస్తుంది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తేనే జల్లెడని అంటిపెట్టుకుని ఉండే కణాల కాళ్లు చదునైపోయి కనిపిస్తాయి. "ఈమధ్య నొప్పి మాత్రలేమైనా వాడారా?" అని అడిగారు. నడుంనొప్పికి నెల రోజులు వాడాను, ఎవరినీ అడక్కుండా. అదే కారణమా అంటే అయ్యుండొచ్చు, తేల్చి చెప్పలేం అన్నారు.

స్టెరాయిడ్ రోజుకి 60 మిల్లీగ్రాములతో మొదలైంది, ఉప్పు బాగా తగ్గించాను, నీరు తీయడానికి వేరే మాత్ర. నీటి వాపు దిగిందని సంతోషించేలోపు స్టెరాయిడ్ వల్ల మొహం గుండ్రంగా తయారైంది. అర్ధరాత్రి రెండింటికి కళ్లు తెరుచుకునేవి, ఆకలి, చిరాకు, ఇంట్లోవాళ్లని ఎన్నిసార్లు కసురుకున్నానో. మానేద్దామా అనిపించింది, కానీ దాన్ని హఠాత్తుగా ఆపకూడదు. ఏడో వారంలో ఒక పొద్దున కిందికి చూస్తే నాలుగు బుడగలు లేచి, అవీ చిట్లిపోయాయి. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. అంతవరకూ వచ్చింది మా సంసారం.

నన్ను అడిగేవాళ్లకి చెప్పేదొకటే, నీళ్లు బాగా తాగినా నురగ వరసగా కొన్ని రోజులు కనిపిస్తుంటే మూత్రపరీక్ష చేయించుకోండి, రాయకపోతే అడిగి రాయించుకోండి. షుగరో బీపీయో ఉన్నవాళ్లు అసలు నురగ కోసం ఎదురుచూడకూడదు, కొద్దిగా పోయే ప్రొటీన్ కంటికి కనపడదు, ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోవాలి. వాపు, మూత్రంలో రక్తం, మూత్రం తగ్గిపోవడం ఉంటే ఆలస్యం వద్దు, గర్భిణికి అయితే ఆ రోజే వెళ్లాలి. ప్రొటీన్ ఇలా పోయేవాళ్లకి రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, కాబట్టి ఒక కాలే వాచి నొప్పి పెట్టినా, ఊపిరి అందకపోయినా నేరుగా ఎమర్జెన్సీకే.

ఈ జబ్బు తిరగబెడుతుంటుంది. అందుకని స్ట్రిప్పులు ఇంట్లోనే పెట్టుకున్నాను, పొద్దున్నే ముంచి క్యాలెండర్ మీద రాస్తాను. మొన్న జలుబు చేసినప్పుడు గడి లేత ఆకుపచ్చకి తిరిగింది. వరసగా మూడు రోజులు రెండు ప్లస్సులు వస్తే ఫోన్ చేయమన్నారు. రెండో రోజూ ఆకుపచ్చే. మూడో రోజు పసుపు.