బ్రెస్ట్ రేవు ముందు కాపలా: ఆటలో నౌకా దిగ్బంధం నేర్చుకున్న తీరు

1444 నుంచి 1821 వరకు నడిచే ‘యూరోపా యూనివర్సాలిస్ 4’ అనే కంప్యూటర్ వ్యూహ ఆటలో గ్రేట్ బ్రిటన్‌ను ఎంచుకున్నవారికి ఏదో ఒక దశలో ఫ్రాన్స్‌తో యుద్ధం తప్పదు. నా ఆటలో అది పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో వచ్చింది. అప్పటికి ఫ్రాన్స్ సైన్యం నా సైన్యంకన్నా చాలా పెద్దది. నేలమీద ఎదురెదురుగా నిలిచి గెలిచే ఆశ లేదు. నా దగ్గర ఎక్కువగా ఉన్నవి ఓడలే. అందువల్ల ఈ యుద్ధాన్ని సముద్రం వైపు నుంచే నడపాలని, నౌకా దిగ్బంధంతో (శత్రువు రేవులను ఓడలతో మూసేయడంతో) ఫ్రాన్స్‌ను ఎంతవరకు వంచవచ్చో చూడాలని నిశ్చయించుకున్నాను.

ఈ ఆటలో దిగ్బంధం మొదలుపెట్టడానికి ప్రత్యేకంగా చేయవలసింది పెద్దగా లేదు. శత్రువు రేవులను ఆనుకుని ఉన్న సముద్ర ప్రాంతంలో మన నౌకాదళం నిలబడితే చాలు, దిగ్బంధం దానంతటదే అమలవుతుంది. ఓడల బలం చాలకపోతే అది అరకొరగానే ఉంటుంది. కష్టమంతా దానిని నిలబెట్టడంలో ఉంది. ఫ్రాన్స్ తీరం ఒకవైపు ఇంగ్లిష్ ఛానల్, బిస్కే అఖాతం మీదుగా, మరోవైపు మధ్యధరా సముద్రం వెంట సాగుతుంది కాబట్టి, దానిమీద ఓడలను సమానంగా పరచినవారికి ఎక్కడా సరిపడా బలం మిగలదు. పైగా తాను బలహీనంగా ఉన్నానని లెక్క వేసుకున్న కంప్యూటర్ తన నౌకాదళాన్ని రేవులో దాచి ఉంచి, మన చిన్న దళం ఒంటరిగా కనిపించగానే బయటికి వచ్చి దాన్ని ముంచేస్తుంది.

దీనికి జవాబు నాకు 1759 నాటి చరిత్రలో దొరికింది. ఆ ఏడాది బ్రిటిష్ అడ్మిరల్ హాక్ బ్రిటనీలో ఫ్రెంచి నౌకాదళం ఉండే బ్రెస్ట్ రేవును నెలల తరబడి కాపు కాశాడు. తన పెద్ద యుద్ధనౌకలను కాస్త దూరంలో ఉంచి, హార్వీ అనే కెప్టెన్ నాయకత్వంలో ఒక చిన్న దళాన్ని తీరానికి దగ్గరగా నిలిపాడు. లోపల ఏం జరుగుతోందో కనిపెట్టడం చిన్న దళం పని. శత్రువు బయటికి వస్తే తలపడటం పెద్ద దళం పని. నేను కూడా హెవీ షిప్పులన్నింటినీ (పెద్ద యుద్ధనౌకలను) ఒకే దళంగా బ్రిటనీ తీరం దగ్గర ఉంచి, వేగంగా కదిలే, చవకగా తయారయ్యే లైట్ షిప్పులను చిన్న దళాలుగా విడగొట్టి మిగతా సముద్ర ప్రాంతాలకు పంపాను. మధ్యధరా వైపు రేవులను మొదట పూర్తిగా వదిలేశాను. మధ్యధరా తీరంలోని ఫ్రెంచి రేవు టూలాన్ నుంచి వచ్చే ఓడలు అట్లాంటిక్‌లోకి రావాలంటే జిబ్రాల్టర్ దాటాలి. అక్కడ ఒక దళం ఉంటే చాలు. 1759 ఆగస్టులో టూలాన్ నుంచి బయలుదేరిన ఫ్రెంచి దళాన్ని బ్రిటిష్ అడ్మిరల్ బాస్కావెన్ పట్టుకున్నది కూడా జిబ్రాల్టర్ దాటిన తరువాత పోర్చుగల్‌లోని లాగోస్ దగ్గరే.

ఓడలు సముద్రంలో ఉన్నంతకాలం నావికుల నిల్వ తరుగుతూనే ఉంటుంది. సొంత రేవులకు దూరమైతే ఓడలు కూడా అరిగిపోతాయి. అందుచేత కాపలా దళాలను వంతులవారీగా ప్లిమత్‌కు రప్పించి మరమ్మతు చేయించి, అవి తిరిగి చేరాకే తరువాతి దళాన్ని కదిలించేవాడిని. ఇది విసుగు పుట్టించే పని. ఆటను మాటిమాటికీ ఆపి పటం చూసుకోవలసి వస్తుంది. అయినా మొత్తం యుద్ధంలో నాకు అత్యంత లాభం ఇచ్చింది ఈ వంతుల పద్ధతే అని నా అభిప్రాయం. హాక్ విజయానికి మూలం కూడా ఇదే: ఓడలను వంతులవారీగా వెనక్కి పంపుతూ, తాజా మాంసం, కూరగాయలు, బీరు సముద్రం మీదికే తెప్పించుకుని తన నావికులను ఆరోగ్యంగా నిలుపుకున్నాడు. నవంబరులో గాలివాన అతన్ని ఇంగ్లండ్ తీరంలోని టోర్బేకు తరిమినప్పుడు ఫ్రెంచివారు బ్రెస్ట్ నుంచి బయటపడ్డారు గాని, నవంబరు 20న బ్రిటనీ తీరంలోని క్విబెరాన్ అఖాతంలో అతనికి దొరికిపోయారు.

ఆటలో అలాంటి గాలివానలు ఉండవు. ఈ లోటు నాకు కొంత వెలితిగానే అనిపిస్తుంది. నిజ చరిత్రలో 1761 జనవరి 1న, ఫ్రెంచివారి చేతిలో ఉన్న పుదుచ్చేరి ముందు కాపలా ఉన్న బ్రిటిష్ దళాన్ని బంగాళాఖాతపు తుపాను చిందరవందర చేసింది. కొన్ని ఓడలు మునిగిపోయాయి, కొన్ని ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. అయినా అడ్మిరల్ స్టీవెన్స్ కొద్ది రోజులకే మిగిలిన ఓడలతో దిగ్బంధాన్ని తిరిగి నిలిపాడు. నేలవైపు బ్రిటిష్ సేనాని ఐర్ కూట్ ముట్టడి, సముద్రం వైపు ఓడలు, లోపల తిండి లేని దండు. ఆ నెల మధ్యకల్లా ఫ్రెంచి సేనాని లాలీ లొంగిపోయాడు.

కోట ముట్టడి విషయంలో మాత్రం ఆట ఆ చరిత్రకు దగ్గరగానే ఉంది. తీరాన ఉన్న కోటను సముద్రం వైపు మూయకుండా ముట్టడిస్తే, ముట్టడి ఫలితం తేల్చడానికి ఆట పాచిక వేసిన ప్రతిసారీ మన లెక్కలోంచి రెండు పాయింట్లు పోతాయి. దిగ్బంధం ఉంటే ఆ కోత ఉండదు. ఫ్రాన్స్ ప్రధాన సైన్యం తూర్పు సరిహద్దులో నా మిత్రదేశమైన ఆస్ట్రియాతో తలమునకలై ఉన్న సమయం చూసి, బ్రిటనీలో ఒక సైన్యాన్ని దించి బ్రెస్ట్‌ను ముట్టడించాను. ఇక్కడ తెలుసుకోవలసిన కిటుకు ఒకటి ఉంది: రేవు పట్టుబడిన క్షణంలో లోపల దాగిన నౌకాదళం తప్పనిసరిగా సముద్రంలోకి రావలసి వస్తుంది. అంతకాలం చేతికి చిక్కని ఫ్రెంచి దళం అలా నేరుగా నా హెవీ షిప్పుల ముందుకు వచ్చి పడింది.

ఆ పోరు ముగిశాక దళాలను దగ్గరగా ఉంచవలసిన అవసరం తీరింది. లైట్ షిప్పులను మధ్యధరాతో సహా తీరమంతా పరిచాను. అప్పటినుంచి ఫలితాలు నెమ్మదిగా, కానీ ఆగకుండా వచ్చాయి. మూతపడిన తీర ప్రాంతాలలో డెవాస్టేషన్ (ప్రాంతం ఎంత పాడైందో చూపే కొలత) నెలనెలా పెరిగింది. వాటి వాణిజ్య బలం పడిపోవడంతో ఇంగ్లిష్ ఛానల్ ట్రేడ్ నోడ్‌లో (ఆటలో వ్యాపారం పోగయ్యే కేంద్రంలో) నా వాటా పెరిగింది. ఫ్రాన్స్‌లో యుద్ధ అలసట పెరిగి తిరుగుబాట్లకు దారి తీసింది.

అయితే దిగ్బంధం ఒక్కదానితోనే ఫ్రాన్స్ వంటి దేశం లొంగుతుందని అనుకోవడం అత్యాశ. దానివల్ల వచ్చే వార్ స్కోర్‌కు (యుద్ధంలో పైచేయి ఎంతో చూపే, సంధి షరతులకు ఖర్చు చేసే పాయింట్లకు) పరిమితి ఉంది. లోతట్టు ప్రాంతాలు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఫ్రాన్స్ పెద్ద షరతులకు ఒప్పుకోదు. అందుకే యూరప్‌లో ఒక్క ప్రాంతం కూడా అడగకూడదని ముందే అనుకున్నాను. సముద్రం మూతపడి స్వదేశం నుంచి సాయం అందని కరీబియన్ దీవులను ఒక చిన్న సైన్యంతో వరుసగా పట్టుకున్నాను. అభివృద్ధి తక్కువగా ఉన్న ఆ ప్రాంతాలకు సంధిలో చెల్లించవలసిన వార్ స్కోర్ కూడా తక్కువే. ఆ దీవులు, కొంత యుద్ధ పరిహారం అడిగాను, ఫ్రాన్స్ ఒప్పుకుంది. బ్రెస్ట్‌ను తిరిగి ఇచ్చేసి, లైట్ షిప్పులను మళ్లీ వాణిజ్య రక్షణకు పంపాను.